గ్రూపులో ఏం చేయిస్తారు మేడమ్?

పోయిన నెల ఈ శీర్షికలో మాటతో మొదలయ్యే డిమెన్షియా, అంటే మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బు, గురించి రాశాను. మనుషుల్ని గుర్తుపడతారు, దారి తప్పరు, తమ పనులు తాము చేసుకుంటారు. మాట మాత్రం నెలనెలా జారిపోతూ ఉంటుంది. డాక్టర్లు దీన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటారు. ఇలాంటివాళ్లకు మేం శనివారాలు నడిపే గ్రూపు సంగతి అందులో ఒక్క వాక్యంలో వచ్చింది. ఉత్తరాలన్నీ ఆ వాక్యం పట్టుకునే వచ్చాయి! కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఊళ్లూ ఉద్యోగాలూ కొంచెం మార్చాను. గ్రూపులో వాళ్ల సంగతులు వాళ్లను అడిగే రాస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వయసు 64. మాట్లాడుతూ మాట్లాడుతూ "అదే... అదీ..." అని ఆగిపోతారు. మొదట చూపించిన డాక్టరు టెన్షన్ వల్ల అన్నారు. తర్వాత న్యూరాలజిస్టు ఎంఆర్‌ఐ తీయించి, లోగోపెనిక్ రకం అఫేజియా అని చెప్పి, గ్రూపు థెరపీకి పంపమన్నారు. నలుగురిలో మాట రాదనే ఆయన పెళ్లిళ్లకు రావడం మానేశారు. అలాంటి మనిషిని గ్రూపులో కూర్చోబెడితే ఏం లాభం? అసలు అక్కడ ఏం చేయిస్తారు? – ఒక కూతురు, గుంటూరు

జవాబు: పెళ్లిలో మీ నాన్నగారు తప్ప అందరూ గడగడా మాట్లాడుతుంటారమ్మా. ఇక్కడ మాట ఆగని పేషెంటు ఒక్కరూ ఉండరు. పెళ్లిళ్లు మానేసిన మనుషులే మా దగ్గర టీ తాగాక కూడా లేవకుండా కూర్చుంటారు.

మొదటి డాక్టరు మీద మరీ కోపం పెట్టుకోకండి. 1982లో మార్సెల్ మెసులమ్ అనే అమెరికా న్యూరాలజిస్టు ఆరుగురు పేషెంట్ల గురించి రాశాకే వైద్యలోకం దీన్ని విడిగా పట్టించుకుంది. మూడు రకాలుగా ఎలా విడదీయాలన్న ఒప్పందం 2011లో గానీ కుదరలేదు. లోగోపెనిక్ రకంలో మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది. సెమాంటిక్ రకంలో మాటకు అర్థమే చెరిగిపోతుంది. నాన్‌ఫ్లూయెంట్ రకంలో ఏం చెప్పాలో తెలుస్తుంది గానీ నోరు తిరగదు, వాక్యం కుదరదు.

ఇక గ్రూపు. నాలుగు జంటలకు మించి తీసుకోను. జంట అన్నది ముఖ్యం. పేషెంటును దింపేసి, "గంటాగి వస్తాం మేడమ్" అని బజారుకు వెళ్లే పద్ధతి మా దగ్గర లేదు. భార్యో, భర్తో, కూతురో పక్కన కూర్చోవాలి. గదిలో టీవీ ఉండదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోకూడదు. బల్ల మీద తెల్లకాగితాలు, స్కెచ్ పెన్నులు పెడతాం. ప్రతి జంటా ఆ వారం తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో తెస్తారు. కొత్తగా వేయించిన గేటో, పుట్టిన దూడో, మనవడి గుండో, ఏదైనా సరే. ఫొటో ఎదురుగా ఉంటే పేరు రాకపోయినా వేలు పెట్టి చూపించి కథ నడిపించవచ్చు.

ఆ తర్వాత అసలు పని. జంట ఇంట్లో మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు పది నిమిషాలు వీడియో తీసుకు రమ్మంటాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆనా వోల్క్‌మర్ బృందం ఈ జబ్బు ఉన్న జంటల కోసమే ఇలా వీడియో చూసి నేర్చుకునే పద్ధతి ఒకటి తయారుచేసింది. మాట్లాడే తీరులో ఏది పనికొస్తోందో, ఏది అడ్డం పడుతోందో వాళ్లిద్దరే చూసుకుని తేల్చుకుంటారు. నేను పక్కనుంచి ఆపాల్సిన చోట వీడియో ఆపుతాను, అంతే.

ఒక జంట సంగతి చెబుతాను. ఆయన "నిన్న... ఆ అబ్బాయి... అదీ..." అన్నారు. ఆవిడ వెంటనే "పాలబ్బాయా? పేపరబ్బాయా? కరెంటు బిల్లా?" అని వరసగా మూడు అందించేశారు. ఆయన తల అడ్డంగా ఊపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సంభాషణ అక్కడితో సరి. ఆ వీడియో చూసి ఆవిడే అన్నారు: "నేను సాయం చేస్తున్నాననుకున్నాను. ఆయన నోరు మూయించానే!" తర్వాతి వీడియోలో ఆవిడ ఏమీ అనకుండా కాగితం ముందుకు జరిపి ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. చూసేవాళ్లకు ఆ నిశ్శబ్దం భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది. ఆయన నిలువుగా ఒక డబ్బా గీసి, పైన గుండ్రంగా చుట్టారు. గ్యాస్ బండ! అబ్బాయి వచ్చి, ఇంట్లో ఎవరూ లేరనుకుని వెనక్కి వెళ్లిపోయాడట. విషయం చిన్నదే, కానీ చాలాకాలం తర్వాత ఆయన మొదలుపెట్టిన సంగతిని ఆయనే ముగించారు.

అందుకే "గ్రూపుకు వస్తే మాట తిరిగొస్తుందా?" అంటే రాదనే చెబుతాను. రోజూ సాధన చేసిన మాటలు కొన్నాళ్లు నిలుస్తాయి. సాధన ఆపితే జారిపోతాయి. సాధన చేయని మాటలు వాటి వెంట నడిచి రావు. నికరంగా మారేది పక్కనున్న మనిషి తీరు. ఆ మనిషికి జబ్బు లేదు కదా, నేర్చుకున్నది నిలుస్తుంది.

మీ నాన్నగారి రకానికి ఇంకో మాట. వీళ్లకు విన్నదాన్ని నాలుగు క్షణాలు మనసులో పట్టి ఉంచడం కష్టం. "నాన్నా, ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చదివి చెప్పు" అని పక్కగదిలోంచి అరవకండి. ఆరు అంకెలు వరసగా చెప్పడం ఆయనకు పరీక్షే. బ్యాంకులో జీవితమంతా అంకెలతో గడిపిన మనిషికి అక్కడే ఎక్కువ సిగ్గేస్తుంది. వెళ్లి మీరే చూసుకోండి. మీరు చెప్పేది కూడా ఒక్క వాక్యంలో ఒక్క విషయమే చెప్పండి. "రేపు పదింటికి డాక్టరు దగ్గరికి వెళ్లి, వచ్చేటప్పుడు అత్తయ్యను తీసుకొద్దాం" అంటే అందులో సగమే అందుతుంది.

ప్రశ్న: మా నాన్నకు మాట తడబడుతోందని తెలిసి మా పెదనాన్నగారు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమంటున్నారు. సరస్వతి ఆకు కూడా మంచిదంటున్నారు. ఇవ్వచ్చా? – ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: పసిపిల్లలకు వస పోయడం మన ఇళ్లలో ఉన్నదే. మీ పెదనాన్నగారు ప్రేమతోనే చెప్పారు. కానీ మీ నాన్నగారి మెదడులో మాటకు సంబంధించిన భాగం కుంచించుకుపోతోంది. వస దాన్ని ఆపదు. సరస్వతి ఆకూ ఆపదు. ఆయన వేరే మందులు వాడుతుంటే ఇలాంటివి కలపకండి, డాక్టరును అడగండి. ఆ జబ్బునే ఆపే మందు ప్రస్తుతానికి ఇంగ్లీషు వైద్యంలోనూ లేదు. ఉందని ఎవరైనా ప్యాకేజీ అమ్మబోతే మీ డబ్బు జాగ్రత్త.

ప్రశ్న: మా ఊళ్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు ఒక గ్రూపు ఉంది. మా ఆవిడను అందులో చేర్పించవచ్చా? ఇంకో భయం ఏమిటంటే, డిమెన్షియా గ్రూపు అయితే ముదిరిపోయినవాళ్లను చూసి తను బెంగపడుతుందేమోనని. – ఒక భర్త, నెల్లూరు

జవాబు: పక్షవాతం గ్రూపు వద్దండి. అక్కడివాళ్లకు మాట ఒక్కసారిగా పోయి, నెమ్మదిగా తిరిగొస్తుంటుంది. పోయిన నెల రాని మాట ఈ నెల వచ్చిందని చప్పట్లు కొడతారు. కొట్టాలి కూడా. మీ ఆవిడ దారి దానికి ఎదురు. పక్కవాళ్లు వారంవారం బాగుపడుతుంటే తన మాట తగ్గడం చూసుకోవడం ఎవరికైనా నరకమే.

మీ రెండో భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. అందుకే వీలైనంతవరకు ఇంచుమించు ఒకే దశలో ఉన్నవాళ్లను కలుపుతాను. ఒకరికి జబ్బు బాగా ముదిరితే ఆ జంటతో గ్రూపు బయట విడిగా పనిచేస్తాను. అయినా కొత్తవాళ్లు మొదటి రోజు ఎదుటివాళ్లలో తమ రేపటిని చూసుకుంటారు. ఒకావిడ మధ్యలో లేచి వరండాలోకి వెళ్లిపోయారు. మా గ్రూపులోని ఇంకో పేషెంటు వెళ్లి పక్కన నిలబడ్డారు. ఆయనకు మాటలు దాదాపు లేవు. ఇద్దరూ కాసేపు రోడ్డు చూసి లోపలికి వచ్చారు. నేను వెళ్లి ఏం చెప్పినా అంత పని జరిగేది కాదనుకుంటాను. ముందు మీరొక్కరే వచ్చి ఒక శనివారం చూడండి. తర్వాత ఇద్దరూ నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. వంటలో ఆవిడ చేయి తిరిగిన మనిషి. పోయిన నెల గోంగూర తెస్తే "గోంగూర అంటే ఏమిటి?" అన్నారు. వేళాకోళం అనుకున్నాం. ఇప్పుడు బీరకాయ, దొండకాయ, కాకరకాయ అన్నీ "ఆ కాయ" అయిపోయాయి. పేపరు మాత్రం పైకి గడగడా చదువుతారు. అంత చదివే మనిషికి డిమెన్షియా ఏమిటని మావారు ఒప్పుకోరు. – ఒక కోడలు, రాజమండ్రి

జవాబు: "గోంగూర అంటే ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్న చాలమ్మా, సెమాంటిక్ రకమేమో అని అనుమానించడానికి. పేరు మరిచిపోయినవాళ్లు "అదే, పుల్లగా ఉంటుందే, పచ్చడి చేస్తామే" అంటారు. ఈ రకంలో పేరు చెప్పినా ఆ వస్తువు మనసులో మెదలదు.

పేపరు చదవడం మీవారినే కాదు, డాక్టర్లను కూడా పక్కదారి పట్టిస్తుంది. తెలుగు ఎలా రాస్తే అలాగే పలుకుతాం. అక్షరాలు వస్తే అర్థం తెలియకుండానే ఎంతైనా చదివేయొచ్చు. ఇంగ్లీషులో అయితే రాత ఒకటి, పలుకు ఒకటి ఉన్న మాటలిచ్చి చదవమంటారు. ఈ రకంవాళ్లు రాసినట్టే పలికి దొరికిపోతారు. తెలుగులో ఆ తప్పు బయటపడే వీలే లేదు. ఒక చిన్న వార్త చదివాక అది దేని గురించో మీవారినే అడిగి చూడమనండి. ఒక్కసారి చాలు. రోజూ అడిగితే అది హింస.

ఇంటి దగ్గర ఏం చేయాలో చెబుతాను. బజారులో దొరికే యాపిల్, బంతి, ఏనుగు బొమ్మల పుస్తకాలు నాకు గిట్టవు. 67 ఏళ్ల ఇల్లాలికి ఏనుగు పేరుతో ఏం పని? ఆవిడకు రోజూ కావలసిన మాటలు ఓ పదిహేను ఏరండి. వాటికి ఆవిడ సొంత మూకుడు, సొంత గరిటె, మీ పెరట్లో గోంగూర, వీటినే ఫొటోలు తీయండి. ఈ రకంలో ఒక బొమ్మతో నేర్చుకున్న పేరు ఇంకో బొమ్మకు అంటుకోదు. అందుకే ఆవిడ వాడే వస్తువే కావాలి. గోంగూర చేతికిచ్చి వలవనివ్వండి, వాసన చూడనివ్వండి, ఒక ఆకు నమలనివ్వండి. పేరు మీరే అనండి. చెప్పమని నిలదీయకండి. మా గ్రూపులో ఒక పూట అందరూ ఇంటి నుంచి ఒక కూరగాయ తెస్తారు. కాకరకాయ పేరు రాని ఒకావిడ దాన్ని చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి, పిండి, చేదు ఎలా పోతుందో అందరికీ చేతుల్తోనే చూపించేశారు.

పోపుల పెట్టెలో చీటీలు అంటించడం మీకు తట్టే ఉంటుంది. 'జీలకర్ర' అని ఆవిడ చదువుతారు గానీ లోపల ఏముందో తెలియకపోవచ్చు. లోపలి సరుకు కనిపించే గాజు సీసాలు పెట్టండి. ఫినాయిలు, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

ప్రశ్న: మా అమ్మ విశాఖలో ఇంగ్లీషు టీచరుగా చేసింది. ఇప్పుడు డాలస్‌లో మా దగ్గరే ఉంటోంది. ఇక్కడి గ్రూపు అంతా ఇంగ్లీషులోనే. ఇంట్లో తెలుగు మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడితే అమ్మకు తికమక తగ్గుతుందా? – ఒక కొడుకు

జవాబు: తెలుగు మానేయకండి బాబూ. రెండు భాషలు మాట్లాడటం వల్ల ఈ జబ్బు రాదు, ముదరదు కూడా. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. జబ్బు వచ్చాక భాషలు ఆపుతాయని దీని అర్థం కాదు. అమ్మ పొద్దున లేచి ఎవరితో మాట్లాడుతుందో వాళ్ల భాష నిలబెట్టడం ముఖ్యం.

ఇంగ్లీషు గ్రూపుకు పంపండి, ఆమె టీచరు కదా, కూర్చోగలదు. పరీక్షలు మాత్రం తెలుగులోనూ చేయమని అడగండి. ఫెడరల్ నిధులు అందుకునే హాస్పిటళ్లు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలి. కానీ మంచి ఇంటర్‌ప్రెటర్లు అలవాటుకొద్దీ తడబడిన వాక్యాన్ని కూడా చక్కదిద్ది చెబుతారు. "అమ్మ ఎలా అంటే అలాగే చెప్పండి, తప్పులు దిద్దకండి, ఆగిన చోట ఆగిందని చెప్పండి" అని ముందే అనండి. లేకపోతే రిపోర్టులో అమ్మ తెలుగు బ్రహ్మాండంగా ఉందని రాస్తారు.

ప్రశ్న: మావారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. నాన్‌ఫ్లూయెంట్ రకం అన్నారు. "బస్సు... నిన్న... హన్మకొండ... వెళ్లా" అని ముక్కలుగా వస్తుంది, మాట ముద్దగా ఉంటుంది. కిరాణా కొట్టులో తాగొచ్చాడనుకున్నారు. అప్పటినుంచి గడప దాటడం లేదు. ఎవరికీ చెప్పొద్దంటారు. – ఒక భార్య, వరంగల్

జవాబు: దాచిపెట్టబట్టే కొట్టువాడు తాగాడనుకున్నాడమ్మా. సినిమా హీరో బ్రూస్ విల్లిస్ కుటుంబం ఆయనకు అఫేజియా అని 2022 మార్చిలో ప్రకటించింది. అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలను దెబ్బతీసే జబ్బు) అని మరుసటి ఫిబ్రవరిలో చెప్పింది. మీవారు లోకమంతటికీ చెప్పక్కర్లేదు. కొట్టువాడికి, కండక్టరుకు, పక్కింటివాళ్లకు చెబితే చాలు. చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదు, ఒక కార్డు చాలు. మా గ్రూపులో వాళ్లు చొక్కా జేబులో పెట్టుకునే కార్డు మీద ఇలా ఉంటుంది:

"నాకు అఫేజియా అనే జబ్బు ఉంది. నేను తాగలేదు. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. మాట రావడానికి టైమ్ పడుతుంది. దయచేసి ఆగండి."

'తాగలేదు' అన్న వాక్యం నేను పెట్టింది కాదు. ఒక పేషెంటు పట్టుబట్టి రాయించారు. ఆ తర్వాత అందరూ అదే కావాలన్నారు.

ఈ రకంవాళ్లకు నాలుగైదు వాక్యాలు నోటికి పట్టించడం బాగా పనిచేస్తుంది. నా నోరు దగ్గరగా కనిపించేలా ఆ వాక్యాలు నెమ్మదిగా చెబుతూ వీడియో తీసి ఇస్తాను. రోజూ ఆ వీడియోతో పాటే గొంతు కలిపి అంటారు. వాక్యాలు వాళ్లకు అవసరమైనవే. ఒకాయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో అనాల్సిన మూడు వాక్యాలు ఎంచుకున్నారు, గ్రూపులో మా అందరి ముందూ నిలబడి రిహార్సల్ చేశారు. మీవారు బహుశా "హన్మకొండ చౌరస్తా, ఒకటి ఇవ్వండి"తో మొదలుపెడతారేమో.

మరో రెండు విషయాలు. మంచినీళ్లు తాగుతుంటే పొలమారుతోందా, గమనించండి. ఈ రకంలో తర్వాత తర్వాత మింగడం కూడా కష్టమవుతుంది. అలా ఉంటే థెరపిస్టుకు వెంటనే చెప్పండి. రెండోది కాగితాల పని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాషా వైకల్యం కింద అఫేజియా పేరు పెట్టి మరీ ఉంది. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకు (యూడీఐడీ) దరఖాస్తు చేయండి. వీలునామా, బ్యాంకు జాయింట్ అకౌంటు లాంటివి ఆయన తలూపి ఒప్పుకోగలిగిన ఈ రోజుల్లోనే లాయరుతో మాట్లాడి పూర్తి చేసుకోండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఇక్కడ గ్రూపు కాదు కదా, స్పీచ్ థెరపిస్టే లేరు. మేమేం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన ఉత్తరం మీదేనండి, ఊరి పేరే మారుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఒక్కసారి వెళ్లి పూర్తి పరీక్ష చేయించుకుని, తర్వాత వీడియో కాల్ మీద సాగించే వీలుందేమో అడగండి. ప్రైవేటుగా ఎవరి దగ్గరికి వెళ్లినా, స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే తప్పుగా అనుకోరు. వినికిడి పరీక్ష కూడా చేయించండి. చెవి సరిగ్గా లేకపోతే ఏ థెరపీ అయినా సగమే.

మీ జిల్లాలోనే ఇలాంటి ఇంకో కుటుంబం ఉండే ఉంటుంది. పరీక్ష చేసిన న్యూరాలజిస్టు దగ్గర మీ నంబరు ఇచ్చి, వాళ్లకు అందజేయమనండి. రెండు జంటలు కలిస్తే గ్రూపే. వీడియో కాల్‌లో కలిసేటప్పుడు నలుగురూ ఒకేసారి మాట్లాడొద్దు. మాట్లాడేవాళ్లు చెయ్యెత్తాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా బియ్యం డబ్బాకో దేనికో ఆనించి, అడ్డంగా పెట్టండి. జంటలో ఇద్దరి మొహాలూ, గీసే చేతులూ కనిపించాలి.